బొగ్గు వేసిన మళ్లు

టీ తెచ్చాడు. రెండు కప్పులు. ఒకటి తన దగ్గరే ఉంచుకుని, రెండోది నా పక్కన ఖాళీగా ఉన్న కుర్చీలో పెట్టి, వెళ్ళి ఎదురు వరుసలో కూర్చున్నాడు. ఎందుకు తెచ్చినట్టు? ఆ మూసి ఉన్న తలుపు వెనక ముగ్గురు పెద్దలు కూర్చుని ఉన్నారు, ఇతని ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఈ పూట తేల్చడానికి. తేల్చమని ఫిర్యాదు రాసిచ్చింది నేను. నా పొలంలో కోసిన పంట సంచుల్ని ఈ మనిషి కావాలని తారుమారు చేశాడని, నా పదేళ్ళ పరిశోధనని మట్టిపాలు చేశాడని, ఎక్కడా నీళ్ళు నమలకుండా రాశాను. అలాంటి నాకు టీ! పైగా పంచదార లేకుండా. నాకు పంచదార పడదని గుర్తుంది మహానుభావుడికి. తలుపు తీసుకుని ఎవరైనా బయటికొస్తే చూడాలి కాబోలు, ఆవిడ అంత చేసినా ఈయన మర్యాద తప్పలేదు పాపం అనుకోవాలి కాబోలు. అబ్బో, నాకు తెలియదా ఇలాంటివి. కప్పు ముట్టుకోను. ముట్టుకోకపోతే మాత్రం, చూడు ఎంత పొగరో అంటారు. రెండు విధాలా నన్నే ఇరికించాడు, ఒక్క కప్పు టీతో. చేతిలోకి తీసుకున్నాను, తాగలేదు, వేళ్ళు కాలుతున్నాయి.

నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు. పక్కన గోడకి ఆనించి గొడుగు. బయట వానా లేదు, ఎండా లేదు, మబ్బు పట్టి ఉంది, పైగా ఇది మూడో అంతస్తు. ఈ సంస్థలో అందరూ అతన్ని గొడుగు అనే పిలుస్తారు, విత్తన విభాగంలో చేరిన మొదటి రోజు నుంచీ అది లేకుండా పొలంలోకి దిగిన పాపాన పోలేదు, చివరికి డైరెక్టరు కూడా ఏదీ మన గొడుగేడీ అంటాడు, ఇతనేమో నవ్వుతాడు. ఎవరేమన్నా నవ్వుతాడు. నోట్లో వేలు పెడితే కొరకలేడని పేరు. నాకు అలాంటి వాళ్ళంటేనే భయం, కరిచేవాడికైతే దూరంగా ఉంటాం. మాది ఎదురెదురు క్వార్టర్లు. మా అమ్మాయి సైకిలు నేర్చుకున్నది ఇతను వెనక పట్టుకుని పరిగెత్తితేనే. అక్కా అక్కా అంటూ తిరిగేవాడు, ఫిర్యాదు వెళ్ళిన మర్నాటి నుంచి మేడం అంటున్నాడు. మేడం అంటే మాత్రం, అందులో కోపం వినపడనివ్వడే! కోపం రాని మనిషిని ఎలా నమ్మడం? నామీద ఎవరైనా అలా రాస్తే ఇంటిముందు నిలబడి వీధంతా వినేలా అరిచేదాన్ని. అరవలేదంటే ఏదో ఉంది. ఖాళీ అయిన పెద్ద పోస్టు ఒక్కటే, దానికి అర్హులం మేమిద్దరమే. అతనికి నీళ్ళు తక్కువైనా తట్టుకునే విత్తనం ఉంది, నాకు బొగ్గు ఉంది. నా బొగ్గు పొలంలో ఓడిపోతే గెలిచేదెవరు? చిన్నపిల్లాణ్ణి అడిగినా చెబుతాడు.

బొగ్గు అంటే మామూలు బొగ్గు కాదు, పంట కోశాక మిగిలే మొదళ్ళని గాలి ఆడకుండా కాల్చి చేసిన పొడి. చౌడు నేలలో కలిపితే ఉప్పుని పట్టి ఉంచుతుంది, వేళ్ళని బతకనిస్తుంది, అదీ నా వాదం. కుండీల్లో వేసి చూపించాను. ఒక పక్క ఉప్పు మట్టిలో జానెడు ఎదగలేక పసుపెక్కిన మొక్కజొన్న, పక్క కుండీలో బొగ్గు కలిపిన అదే మట్టిలో నా భుజం దాటిన మొక్క. చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో వచ్చారు, ఫొటోలు దిగారు. కుండీల పక్కన నిలబడ్డ నా ఫొటో కింది అంతస్తు హాల్లో ఇప్పటికీ ఉంది. కుండీలో అందరూ గెలుస్తారమ్మా, పొలంలో గెలిచి చూపించు అన్నారు, ఎవరన్నారో కూడా గుర్తుంది, ఎప్పటికీ గుర్తుంటుంది. నేను చదువుకునే రోజుల్లో నాకు పరిశోధన నేర్పిన పెద్దమనిషే రెండేళ్ళు నేను తవ్వి, ఎండబెట్టి, జల్లించిన మట్టి గురించి తన పేరుతో అచ్చేసుకుని, నా పేరు ఎక్కడండీ అంటే, చివర్లో కృతజ్ఞతలు చెప్పాను కదమ్మా అన్నాడు. అప్పటి నుంచి నాకు బీరువాకి రెండు తాళాలు. మా ఆయన నవ్వుతాడు, నువ్వు కూరలో ఉప్పు రుచి చూసి కూడా నమ్మవు, పక్కవాళ్ళ మొహం చూసి నమ్ముతావు అని. బడిలో బొమ్మలు వేయడం నేర్పే మనిషికి ఏం తెలుసు, బొమ్మని ఎవరెత్తుకుపోతారు? నిన్న రాత్రి భోజనాల దగ్గర మాత్రం నవ్వలేదు. "అతనే చేశాడని నీకు ఖాయంగా తెలుసా?" అన్నాడు. "ఇంకెవరు చేస్తారు?" అన్నాను. "నేనడిగింది అది కాదుగా," అన్నాడు. చెంచా కింద పెట్టి లేచిపోయాను.

ఇంకెవరు చేస్తారు మరి! కోత రోజు పొలంలో ఉన్నది ఇతనొక్కడే. సరిగ్గా పంట ఎండే వారంలో మా అక్కకి ఆపరేషన్ పడింది. గర్భసంచి తీసేయాలన్నారు, అక్కకి నేను తప్ప ఎవరున్నారు, బావ ఆస్పత్రి వాసనకే కళ్ళు తిరిగి పడతాడు. మంచం పక్కన కూర్చుని నేను ఫోను చూసుకుంటూ ఉంటే, "పోవే, నీ గింజలు కాకులెత్తుకుపోతాయేమో, పో," అని ఆ నొప్పిలో కూడా వేళాకోళం ఆడింది. ఆస్పత్రి మెట్ల మీద నిలబడి ఉండగా ఇతనే ఫోను చేశాడు. వాన వచ్చేలా ఉందక్కా, నీ మళ్లు నేను కోయిస్తాను, నువ్వు నిశ్చింతగా ఉండు అని. ఊరికే ఎవడండీ మరొకరి పొలంలో ఎండకి నిలబడేది? అప్పుడే అనుమానం వచ్చింది, కానీ గత్యంతరం లేదు. నాలుగు వరుసలు, వరుసకి నాలుగు మళ్లు, మొత్తం పదహారు. ప్రతి వరుసలో ఏమీ వేయని మడి ఒకటి, ఎరువు మాత్రం వేసినది ఒకటి, బొగ్గు మాత్రం వేసినది ఒకటి, రెండూ వేసినది ఒకటి, ఏది ఎక్కడ రావాలో చీట్లు వేసి తీసినదే. మడి మూలల్లో పాతిన కొయ్యమేకుల మీద అంకెలు వానలకి వెలిసిపోయాయి, మళ్ళీ రంగు వేయిద్దామనుకుంటూ ఉండగానే అక్క గొడవ వచ్చిపడింది. ఏ నంబరు మడి ఎక్కడో, దానికేం వేశామో గీసిన నక్షా బీరువాలో ఉంది, తాళం చెవి నా దగ్గరే ఉంది. పంపించనా అని ఒక్క క్షణం అనుకుని మానేశాను. ఏ మడికి ఏం వేశామో కోసేవాడికి తెలియకపోవడమే మంచిదని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. "రోడ్డువైపు మూల మడి ఒకటో నంబరు, అక్కణ్ణుంచి మొదలుపెట్టు," అని మాత్రం చెప్పాను. మడి మడికీ ఒక సంచి, సంచి మీద నంబరు, అంతే కదా. తిరిగొచ్చేసరికి పదహారు సంచులూ నా గది ముందు గోడవారగా నిలబెట్టి ఉన్నాయి, మూతులు ముచ్చటగా కట్టి. ఆ ముచ్చట చూసే నాకు ఒళ్ళు మండింది.

తూకం వేశాను. ఏమీ వేయని మళ్లు రెండు, ఎరువు వేసిన వాటితో సమానంగా తూగాయి! ఎరువు మాత్రం పడ్డ మళ్లు రెండు, ఏమీ ఎరగని నేల కంటే అన్యాయంగా పడుకున్నాయి. మట్టికి ఒక న్యాయం ఉంటుంది, అలా జరగదు. ఎవరైనా సంచులు మారిస్తే తప్ప జరగదు. మొదటి, మూడో వరుసల్లో బొగ్గు మడి తేలిపోయింది, రెండో వరుసలో, నాలుగో వరుసలో మాత్రం బొగ్గు వేసిన మడి తలెత్తుకుని నిలబడింది, కుండీల్లో చూపించినంత గర్వంగా. అవే నిజమైన సంచులు, వాటి మీద దొంగ చెయ్యి పడలేదు, పక్క సంచులు మార్చేలోగా ఎవరో వచ్చి ఉంటారు, అలా అల్లుకుంటూ పోయాను. బొగ్గు వేసిన మడి ఏదో ఇతనికెలా తెలుస్తుంది అంటే, నేల నల్లగా ఉంటుంది కదా, కళ్ళున్నవాడికి తెలియదా? నాలుగు నెలలుగా ఆ పదహారు అంకెలూ నోటికొచ్చేశాయి, స్నానం చేస్తూ అవే, కూర తిప్పుతూ అవే. ఈ నాలుగు నెలల్లో ఇతన్ని పరీక్షగా చూడని రోజు లేదు. మెట్ల మీద ఎదురైతే చూపు తిప్పుకున్నాడా, తిప్పుకుంటే దొంగ. తిప్పుకోకపోతే మరీ గజదొంగ.

కుడిపక్క పరీక్షల హాలు తలుపు బార్లా తీసి ఉంది. రేపు విద్యార్థులకి రాత పరీక్ష కాబోలు, అటెండరు బల్లల మీద నంబర్ల కాగితాలు అంటిస్తున్నాడు. జిగురు డబ్బా ఒక చేతిలో, కాగితాలు చంకలో. నాకు ఊసుపోక అదే చూస్తున్నాను. కిటికీ వైపు వరుసలో ముందు బల్ల నుంచి మొదలుపెట్టి వెనక గోడ దాకా వెళ్ళాడు, అక్కడే పక్క వరుసలోకి తిరిగి, వెనక బల్ల నుంచి ముందుకి అంటించుకుంటూ వస్తున్నాడు. అయ్యో, అదేం పనయ్యా, ప్రతి వరుసా ముందు నుంచే మొదలవ్వాలి కదా, రేపు పిల్లలు గందరగోళ పడతారు! లేచి చెబుదామనుకున్నాను. చెబితే ఈవిడకి ప్రతిదాంట్లోనూ వేలు పెట్టడమే అంటాడు. మేము మట్టి విభాగం వాళ్ళం అలా వేయం, పుస్తకం చదివినట్టు ప్రతి వరుసా ఒకే వైపు నుంచి మొదలుపెడతాం. ఇలా మెలికలు తిరుగుతూ నంబర్లు వేసుకునేది విత్తనాల వాళ్ళు. వందలకొద్దీ చిన్న చిన్న మళ్లు ఉంటాయి వాళ్ళకి, ఒక్కో వరుస చివర నుంచి మళ్ళీ మొదటికి ఉత్తినే నడవడం ఎందుకని, వెళ్ళే వరుస ఇటు, వచ్చే వరుస అటు. ఎన్నిసార్లు చూసి నవ్వుకున్నానో, పాము పోయినట్టు పోతారని. విత్తనాల వాళ్ళు.

టీ ఒలికి చీర మీద పడింది. కాలింది కూడా, కానీ అది తర్వాత తెలిసింది.

రోడ్డు మూల నుంచి మొదలుపెట్టు అన్నాను. మొదటి వరుస చివర కాలవ గట్టు. ఆ తర్వాత? ఆ తర్వాత సంగతి నేను చెప్పలేదు. చెప్పాల్సిన సంగతని నాకు తోచను కూడా తోచలేదు. మేకుల మీద అంకెల్లేవు. నక్షా నా బీరువాలో. కాదు, కాదు, ఇది ఇతని పన్నాగం, లోపల విచారణలో ఇదే చెబుతాడు, ముందే ఆలోచించి పెట్టుకుని ఉంటాడు, అటెండరుకి కూడా తనే చెప్పి ఉంటాడు. ఛ, అటెండరుకి చెప్పడమేమిటి, నాకు మతి పోతోందా? తల ఎత్తి చూశాను. గొడుగు నా చీర మీద మరక చూస్తున్నాడు, జేబులోంచి రుమాలు తీసి, ఇవ్వాలా వద్దా అని పట్టుకుని ఉన్నాడు.

"ఇదిగో," అన్నాను. నాలుగు నెలల తర్వాత మొదటి మాట. "కోత రోజు, మొదటి వరుస అయ్యాక ఎక్కణ్ణుంచి మొదలుపెట్టావు?"

"అదేంటక్కా," అన్నాడు, మేడం మరిచిపోయి. "కాలవ గట్టు దగ్గరున్నాం కదా, అక్కణ్ణుంచే. మళ్ళీ రోడ్డు దాకా ఉత్త చేతులతో నడుస్తామా ఏంటి?"

"నంబర్లు?"

"ఏ మడి కోస్తే ఆ సంచికి అప్పుడే వేశాను. ఎందుకు, ఏమైంది?" ఆగి, రుమాలు మడిచి జేబులో పెట్టుకుని, "నాదేమన్నా పొరపాటుంటే ముందే చెప్పుండొచ్చుగా. లోపల చెబుతారనుకుంటా ఇప్పుడు," అన్నాడు.

ఏమీ లేదన్నట్టు తల ఊపాను. ఇతనికి తెలియదు. ఆ మొహమే చెబుతోంది. లేదా తెలిసీ నటిస్తున్నాడా? ఒరేయ్ పాపిష్ఠి మనసా, ఇంకానా? రెండో వరుస. నా నక్షాలో రోడ్డు నుంచి: ఐదు ఏమీ వేయనిది, ఆరు రెండూ వేసినది, ఏడు బొగ్గు, ఎనిమిది ఎరువు. ఇతను కాలవ నుంచి వచ్చాడు, కాబట్టి ఐదో సంచిలో ఉన్నది ఎరువు మడి పంట. అందుకా అది అంత తూగింది! ఎనిమిదో సంచిలో ఏమీ వేయని మడి. అందుకే అంత తేలిక. నాలుగో వరుస కూడా తిప్పి చూశాను, కళ్ళు మూసుకుని, పెదవులు కదుపుతూ. అన్నీ ఎక్కడివక్కడ వచ్చి కూర్చున్నాయి. నాలుగు వరుసల్లోనూ ఎరువు పడ్డవి బరువు, పడనివి తేలిక, మట్టి న్యాయం మట్టి చేసింది. దొంగతనం లేదు, ద్రోహం లేదు. ఒక్క క్షణం ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఇతని కాళ్ళ మీద పడదామనిపించింది.

ఆ వెంటనే ఏడో సంచి గుర్తొచ్చింది. నా బొగ్గు తలెత్తుకుని నిలబడ్డ సంచి. వరుస తిప్పితే అది ఆరో మడిది, రెండూ వేసిన మడిది. బొగ్గు మాత్రమే వేసిన మడి ఏమైంది మరి? ఆరో సంచి. ఏమీ వేయని దానికీ దీనికీ గుప్పెడు గింజల తేడా కూడా లేదు. రెండూ వేసినది, ఎరువు మాత్రమే వేసినది సరిసమానం. నాలుగో వరుసా అంతే. మొదటిదీ, మూడోదీ మొదట్నుంచీ ఇదే చెబుతున్నాయి, నేనే వాటిని దొంగ సంచులన్నాను. మళ్ళీ లెక్కపెట్టాను. మళ్ళీ. బొగ్గు ఏమీ చేయలేదు. పదేళ్ళు. ఆ కుండీలు, ఆ ఫొటోలు, అమ్మాయి పుట్టినరోజులకి కూడా ఇంటికి ఆలస్యంగా వెళ్ళిన ఆ సాయంత్రాలు. పొలంలో బొగ్గు ఏమీ చేయలేదు. ఏడుపు అనే మాట నాకు నచ్చదు కానీ వచ్చింది అదే. ఇతను దొంగ అయితే నా బొగ్గు బతికే ఉంటుంది. నాలుగు నెలలూ నేను ఇతన్ని అనుమానించానా, బొగ్గుని కాపాడుకున్నానా? ఎంత జాగ్రత్తగా అనుమానించాను! ఇతని చూపులన్నీ పట్టి పట్టి చూశాను, ఆ రెండు వరుసలని తిప్పి చూడాలని మాత్రం తోచలేదు, లేదా తోచనివ్వలేదు.

తలుపు తెరుచుకుంది. ముందు నన్ను రమ్మన్నారు. లేచేటప్పుడు ఇతని వైపు చూడలేకపోయాను. గదిలో ఏసీ చప్పుడు, పొడుగాటి బల్ల, ముగ్గురు. మధ్యలో కూర్చున్న పెద్దాయన రిటైరైన డైరెక్టరు, కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని, "కూర్చోండమ్మా. సంచులు కావాలనే మార్చారని మీ ఫిర్యాదు. చెప్పండి," అన్నాడు.

"సంచులు ఎవరూ మార్చలేదండి." గోడ మీద తెల్ల బోర్డు ఉంటే దాని దగ్గరికెళ్ళి నాలుగు వరుసలు గీశాను, నా లెక్క ఎలా వెళ్ళిందో, ఇతని నడక ఎలా వెళ్ళిందో చూపించాను. నక్షా ఇతనికివ్వకుండా బీరువాలో దాచుకున్నది నేనేనని కూడా చెప్పాను. "ఆయన తప్పేం లేదు. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాను. బయట ఆయన్ని క్షమాపణ అడగాలి, అది నేను చూసుకుంటాను."

ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పెద్దాయన మొహంలో కమ్మటి నవ్వు విచ్చుకుంది, ఎంత పెద్ద తలనొప్పి తప్పిందో అన్నట్టు. "పోన్లెండి, ఎవరికీ మచ్చ లేకుండా తేలింది. నంబర్లు కలగాపులగం అయ్యాయి కాబట్టి ఈ పంట లెక్కలోకి రానట్టే రాసేద్దాం. వచ్చే సీజన్లో మళ్ళీ వేసుకోండి. మీ పోస్టు దరఖాస్తుకి కూడా ఇబ్బంది ఉండదు," అన్నాడు. పక్కాయన అప్పుడే కాగితాలు సర్దేస్తున్నాడు.

నిజంగా దయేనా ఇది, లేక నేను ఏమంటానో చూద్దామనా? ఆయన మొహం వెతికాను. దయే. అందులో వెతకడానికి ఏమీ లేదు. అవునండి అంటే చాలు, బయట గొడుగు బతుకుతాడు, లోపల నా బొగ్గు బతుకుతుంది, అందరం మళ్ళీ ఎదురెదురు ఇళ్ళల్లో ఉంటాం. ఆ వరుసలు తిప్పి చూసేంత ఓపిక ఈ ముగ్గురికీ లేదు, బయట ఉన్న మనిషికి ఆ అవసరమే లేదు. ఎవరికీ అనుమానం రాదు.

మార్కర్ ఇంకా నా చేతిలోనే ఉంది.

"లెక్కలోకి వస్తుందండి," అన్నాను. "వరుసలు తిప్పి చదివితే అన్నీ సరిగ్గానే ఉన్నాయి." బోర్డు మీద పదహారు గళ్ళలోనూ పదహారు తూకాలు వేయడం మొదలుపెట్టాను, ఏ కాగితమూ చూడకుండా. కాగితాలు సర్దుతున్న ఆయన ఆగాడు. చివరి గడి నింపి వాళ్ళ వైపు తిరిగాను.

"ఎరువు పనిచేసిందండి. నా బొగ్గు పనిచేయలేదు."